ఎంపీ గారి ఆఫీసులో పని చేయించుకోవడం ఎలా: అర్జీ రాయడం దగ్గర్నుంచి ఢిల్లీ జవాబు వచ్చేదాకా

మన ఊళ్ళల్లో ఏ పని పడినా ముందు సర్పంచ్ దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో వెళ్తాం, అక్కడ కాకపోతే ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్తాం, ఎంపీ అంటే మాత్రం ఓట్లప్పుడు కనిపించి తర్వాత ఢిల్లీలో ఉండే మనిషి అనుకుని వదిలేస్తాం. పీఎఫ్ డబ్బులు ఆగిపోయినా, పాస్‌పోర్ట్ ఇరుక్కుపోయినా, దుబాయ్‌లో మనవాడికి ఏమన్నా అయినా, రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు నిలిచి ఊరికి దారి లేకుండా పోయినా ఇవన్నీ సెంట్రల్ గవర్నమెంట్ పనులు, వీటికి ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరిగితే వాళ్ళు కూడా చివరికి ఎంపీ ఆఫీసుకే పంపిస్తారు. ఈలోపు మీ నెలలు పోతాయి. అందుకే ఈ పోస్టు కొంచెం వివరంగా రాస్తున్నా, పొడుగైనా పూర్తిగా చదవండి, మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా మీ ఇంటి పక్కన ఎవరికో ఉంటుంది.

ముందే ఒకటి అర్థం చేసుకోండి. ఎంపీకి ఏ ఆఫీసర్‌కీ నేరుగా ఆర్డర్ వేసే అధికారం ఉండదు. ఆ ఆఫీసు చేతిలో ఉన్నది లెటర్‌హెడ్, ఫోను, కలెక్టరేట్ మీటింగులో కుర్చీ, పార్లమెంటులో మైకు, అంతే. కాబట్టి మీరు మోసుకెళ్ళిన బాధ అక్కడ ఒక లెటర్‌గా మారాలి, ఆ లెటర్ సరైన ఆఫీసర్‌కి వెళ్ళాలి, దానికి ఒక నంబర్ ఉండాలి, ఆ నంబర్ పట్టుకుని మీరు వెంటపడాలి. ఈ నాలుగూ జరిగితే చాలా పనులు కదుల్తాయి. ఏ ఒక్కటి మిస్సయినా "చెప్పాం కదండీ, చూస్తామన్నారు" దగ్గరే ఆగిపోతాయి.

మొదటి పని: ఇది సెంటర్‌దా స్టేట్‌దా తేల్చుకోండి

రైల్వే, నేషనల్ హైవే, పాస్‌పోర్ట్, పీఎఫ్, ఈఎస్‌ఐ, పోస్టాఫీసు, బీఎస్‌ఎన్‌ఎల్, జాతీయ బ్యాంకులు, ఎల్‌ఐసీ, ఆధార్, మిలిటరీ పెన్షన్, విదేశాల్లో ఉన్నవాళ్ళ సమస్యలు, పత్తి కొనే సీసీఐ, పొగాకు బోర్డు, ఇవి కేంద్రానివి, నేరుగా ఎంపీ ఆఫీసుకి వెళ్ళొచ్చు. రేషన్ కార్డు, వృద్ధాప్య పెన్షన్, భూమి రికార్డులు, పోలీస్ స్టేషన్, కరెంటు, ఆర్టీసీ బస్సు, ఇళ్ళ పట్టాలు, ఇవి రాష్ట్రానివి. వీటికి ముందు మండలాఫీసు, సచివాలయం లేదా మీసేవ, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కి వెళ్ళండి, తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రాలో ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. రాష్ట్రం పనికి ఎంపీ ఆఫీసు లెటర్ ఇవ్వదని కాదు, ఇస్తుంది, కలెక్టర్‌కి రాస్తుంది, కానీ అక్కడ ఎమ్మెల్యే మాటే ఎక్కువ పనికొస్తుంది.

రెండూ కలిసిన పనులు కొన్ని ఉంటాయి, జాగ్రత్తగా చూడాలి. పీఎం కిసాన్ డబ్బులు కేంద్రం వేస్తుంది కానీ మీ పేరు ఓకే చేసేది ఇక్కడి వ్యవసాయ శాఖ. ఉపాధి హామీ డబ్బు ఎక్కువ భాగం కేంద్రానిది, మస్టర్ వేసేది మీ ఊళ్ళోనే. ఇలాంటి వాటికి మండల వ్యవసాయాధికారి దగ్గర, ఎంపీడీవో దగ్గర ఎక్కడ ఆగిందో కనుక్కుని ఆ ముక్క అర్జీలో రాస్తే ఎంపీ ఆఫీసు వాళ్ళకి సగం శ్రమ తగ్గుద్ది.

రెండో పని: మీ ఎంపీ ఎవరు, ఆఫీసు ఎక్కడ

చాలామందికి ఇక్కడే తికమక, ముఖ్యంగా జిల్లాలు మారిపోయాక. జిల్లా వేరు, పార్లమెంట్ నియోజకవర్గం వేరు. ఆంధ్రాలో 25 లోక్‌సభ సీట్లు, తెలంగాణలో 17, ఒక్కోదాని కింద 7 అసెంబ్లీ నియోజకవర్గాలు. మీ ఓటరు కార్డులో ఉన్న అసెంబ్లీ నియోజకవర్గం ఏ పార్లమెంట్ కింద వస్తుందో చూసుకుంటే సరిపోతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అద్దెకుంటున్నా ఆధార్, ఓటు ఊళ్ళో ఉంటే ఊరి ఎంపీ ఆఫీసుకే వెళ్ళడం మంచిది, అడ్రస్ ప్రూఫ్ అక్కడిదే అడుగుతారు.

అడ్రస్, ఫోన్, ఈమెయిల్ పార్లమెంట్ అధికారిక వెబ్‌సైట్ సన్సద్ డాట్ ఇన్‌లో ప్రతి సభ్యుడి పేజీలో ఉంటాయి. అందులో ఢిల్లీ అడ్రస్, సొంత ఊరి అడ్రస్ రెండూ ఇస్తారు. క్యాంపు ఆఫీసు ఎక్కడ పెట్టారో మాత్రం లోకల్‌గా కనుక్కోవాలి, కొందరికి నియోజకవర్గంలో రెండు చోట్ల ఉంటుంది. పార్లమెంట్ సమావేశాలు జరుగుతుంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎంపీ గారు ఢిల్లీలోనే ఉంటారు, కలవాలంటే శని ఆదివారాలు చూసుకోండి. కానీ నన్నడిగితే ఎంపీ గారిని కలవడం కన్నా ఆఫీసులో లెటర్లు చూసే పీఏని కలవడమే ముఖ్యం, టైప్ చేసేది, పంపేది, ఫోన్ చేసేది ఆ మనిషే.

అక్కడికి వెళ్ళడానికి మొహమాటం అక్కర్లేదు. ఎంపీలకి జీతం కాకుండా నియోజకవర్గ భత్యం నెలకి 87,000, ఆఫీసు ఖర్చులకి 75,000 ఇస్తున్నారు, ఆ ఆఫీసు ఖర్చుల్లో 50,000 కంప్యూటర్ పని తెలిసిన అసిస్టెంట్ కోసమే. ఇది మన డబ్బు. మీరు ఓటు వేశారా లేదా, ఏ పార్టీ అన్నది వాళ్ళు అడగకూడదు, మీరు చెప్పాల్సిన పని లేదు. పార్టీ కండువా వేసుకున్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్తేనే పనవుద్దని ఎవరన్నా అంటే నమ్మకండి, కాయితాలు సరిగ్గా ఉన్న ఒంటరి మనిషి పని కూడా అవుతుంది.

మూడో పని: ముందు మీరొక ఫిర్యాదు వేసుండాలి

దీన్ని చాలామంది దాటేస్తారు. ఎంపీ ఆఫీసు నుంచి లెటర్ వెళ్ళగానే అవతలి ఆఫీసర్ అడిగే మొదటి మాట "వీళ్ళు మా దగ్గర అప్లై చేశారా, నంబర్ ఎంత" అని. పీఎఫ్ అయితే ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్‌లో వేసిన నంబర్, మీ పీఎఫ్ అకౌంట్‌కి ఉండే యూఏఎన్ నంబర్. పాస్‌పోర్ట్ అయితే ఫైల్ నంబర్. బ్యాంకు అయితే బ్రాంచ్‌లో ఇచ్చిన లెటర్ మీద స్టాంపు. మిగతా ఏ సెంట్రల్ శాఖ అయినా సీపీగ్రామ్స్ అనే పోర్టల్ ఉంది, ఉచితం, ఫోన్‌లోనే వేసుకోవచ్చు, 21 రోజుల్లో పరిష్కరించాలని 2024 ఆగస్టులో రూల్ పెట్టారు. అక్కడ పనైపోతే ఎంపీ ఆఫీసు అవసరమే ఉండదు. అవ్వకపోతే "ఫలానా తేదీన వేశాను, ఫలానా నంబర్, ఈ జవాబిచ్చి క్లోజ్ చేశారు" అని చూపించొచ్చు, అప్పుడు ఎంపీ లెటర్‌కి బలం వస్తుంది.

నాలుగో పని: అర్జీ ఒక్క పేజీలో

మనకి బాధ అంతా చెప్పుకోవాలనిపిస్తుంది, సహజం, కానీ అర్జీలో తాతల నాటి నుంచి మొదలుపెడితే చదివేవాళ్ళకి అసలు విషయం దొరకదు. ఒక పేజీ, ఒక సమస్య. రెండు సమస్యలుంటే రెండు అర్జీలు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు ఆఫీసులకి వెళ్ళాలి. తెలుగులోనే రాయండి, ఏం ఇబ్బంది లేదు, ఢిల్లీకి పోయే లెటర్ వాళ్ళే ఇంగ్లీషులో టైప్ చేసుకుంటారు. అయితే పేర్ల స్పెల్లింగు, నంబర్లు, ఆఫీసు పేరు ఇంగ్లీషులో విడిగా ఒక చీటీ మీద రాసివ్వండి, ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు వెనక్కి వస్తుంది.

ఊరంతటి సమస్య అయితే ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన పార్లమెంట్ సభ్యులు గారికి, ఫలానా గ్రామం, ఫలానా మండలం ప్రజలు రాసుకున్న అర్జీ. విషయం: ఫలానా స్టేషన్ల మధ్య రైల్వే అండర్‌బ్రిడ్జిలో వర్షపు నీరు నిలవడం గురించి. మా ఊరి లెవెల్ క్రాసింగ్ గేటు తీసేసి అండర్‌బ్రిడ్జి కట్టారు. వాన పడిన ప్రతిసారీ అందులో నడుం లోతు నీళ్ళు నిలిచి స్కూలు పిల్లలు, అంబులెన్స్, ట్రాక్టర్లు వెళ్ళడానికి దారి ఉండటం లేదు. ఫలానా తేదీన డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి రాశాం, కాపీ జతచేశాం. నీళ్ళు తోడే మోటారు పెట్టి, డ్రైనేజీ కాలువ తవ్వించి, పైన రేకుల షెడ్డు వేయించవలసిందిగా రైల్వే అధికారులకి సిఫార్సు చేయగలరు. జతచేసినవి: తేదీతో ఉన్న ఫోటోలు, గ్రామ పంచాయతీ తీర్మానం కాపీ, మా పాత లెటర్ కాపీ."

కింద పేరు, ఫోన్ నంబర్, సంతకం. సంతకాలు వందలు పెట్టించక్కర్లేదు, పంచాయతీ తీర్మానం ఒక్కటి ఉంటే దాని విలువ ఎక్కువ. అసలు ఏం కావాలో చెప్పే వాక్యం, అంటే మోటారు పెట్టండి, కాలువ తవ్వండి అనే ముక్క, అది మాత్రం తప్పకుండా ఉండాలి. "తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే అవతలివాళ్ళు "తగు చర్యలు తీసుకున్నాం" అని రాసి పంపిస్తారు.

రైల్వేకి రాసేటప్పుడు ఏ డివిజనో చూసుకోండి, సికింద్రాబాద్, హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, గుంతకల్ ఇలా ఉంటాయి, పక్క స్టేషన్ మాస్టర్‌ని అడిగితే చెప్తారు. హైవే అయితే ఎన్‌హెచ్‌ఏఐ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో కనుక్కుని కిలోమీటరు రాయి నంబర్ రాయండి. 65వ నంబర్ హైవే మీద అయినా 44 మీద అయినా "మా ఊరి దగ్గర యాక్సిడెంట్లు అవుతున్నాయి" అనేకన్నా కిలోమీటరు నంబర్, గత ఏడాది పోలీస్ స్టేషన్‌లో నమోదైన యాక్సిడెంట్ల వివరాలు పెడితే అండర్‌పాస్ అడగడానికి అదే ఆధారం.

ఐదో పని: ఆఫీసులో ఇచ్చేటప్పుడు

రెండు సెట్లు పట్టుకెళ్ళండి. ఒకటి వాళ్ళకి, ఇంకోదాని మీద తేదీ, స్టాంపు, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించండి కానీ ఇవ్వకండి, హాస్పిటల్ ఎస్టిమేట్ లాంటి ఒరిజినలే పంపాల్సినవి తప్ప. లెటర్ ఎవరికి వెళ్తుంది, ఎప్పుడు వెళ్తుంది, పోస్టులోనా ఈమెయిల్‌లోనా అడగండి. లెటర్ పంపాక దాని కాపీ మీకు వాట్సాప్‌లో పెట్టమనండి, చాలా ఆఫీసులు పెడతాయి, మీరు అడగాలంతే.

డబ్బులెవరన్నా అడిగితే అక్కడే ఆపేయండి. లెటర్‌కి ఫీజు ఉండదు. గేటు దగ్గరో టీ కొట్టు దగ్గరో "నేను చేయిస్తా, ఇంత ఇవ్వండి" అనేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా రైలు బెర్తుకీ తిరుమల దర్శనానికీ. ఎంపీ లెటర్‌తో సెంట్రల్ జాబ్ ఇప్పిస్తామనే వాళ్ళయితే పచ్చి మోసం. ఉద్యోగమే కాదు, సెంట్రల్ ఉద్యోగి ట్రాన్స్‌ఫర్‌కి కూడా ఎంపీ లెటర్ పెట్టించుకోకండి, సర్వీసు ప్రవర్తనా నియమాల్లో రాజకీయ ఒత్తిడి తేవడం తప్పుగా రాసుంది, లాభం కోసం వెళ్తే మెమో వస్తుంది. కేంద్రీయ విద్యాలయంలో ఎంపీకి ఏడాదికి 10 సీట్ల కోటా ఉండేది, దాన్ని 2022 ఏప్రిల్‌లో తీసేశారు, ఇప్పుడు ఆ సీటు ఇప్పిస్తామని ఎవరన్నా చెప్తే అబద్ధమే.

ఇప్పుడు ఎక్కువమందికి అవసరమయ్యే పనులు చెప్తా.

ఆపరేషన్‌కి డబ్బు సాయం

ముందు ఆరోగ్యశ్రీలో కవర్ అవుతుందా చూడండి, తెలంగాణలో 10 లక్షల దాకా ఉంది, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ. ఇంట్లో 70 దాటిన పెద్దవాళ్ళుంటే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, 5 లక్షల కవరేజీ. ఇవి పనికిరాకపోతే అప్పుడు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి. ఇది 1948 నుంచి ఉన్న నిధి, దేశ విభజనలో నిరాశ్రయులైనవాళ్ళ కోసం పెట్టారు, తర్వాత గుండె ఆపరేషన్లు, కిడ్నీ మార్పిడి, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ లాంటి పెద్ద ఖర్చులకి కూడా ఇస్తున్నారు.

దీనికి అప్లికేషన్ ఫారం, పేషెంటు ఫోటోలు రెండు, అడ్రస్ ప్రూఫ్, తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధృవపత్రం, హాస్పిటల్ వాళ్ళు జబ్బు పేరు, ఖర్చు అంచనా రాసిచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్ కావాలి. ఎంపీ సిఫార్సు లెటర్ జతచేసి ఢిల్లీలోని ప్రధాని కార్యాలయానికి పంపిస్తారు. ఇక్కడ గుండెలు బాదుకునే పొరపాట్లు రెండు జరుగుతుంటాయి. ఒకటి, ఆపరేషన్ అయిపోయి బిల్లు కట్టేశాక వెళ్ళడం. కట్టేసిన డబ్బు ఈ నిధి నుంచి రాదు, ట్రీట్‌మెంట్‌కి ముందే వెళ్ళాలి. రెండోది, ఏ హాస్పిటల్ అయినా పర్లేదనుకోవడం. గవర్నమెంట్ హాస్పిటల్ అయినా ఉండాలి, లేదా ఆ నిధి లిస్టులో ఉన్న ప్రైవేటు హాస్పిటల్ అయినా ఉండాలి. లిస్టు వెబ్‌సైట్‌లో ఉంటుంది, పేషెంటుని చేర్చకముందే చూసుకోండి. వచ్చే డబ్బు ఖర్చులో కొంత భాగమే, అదీ మీ చేతికి రాదు, నేరుగా హాస్పిటల్‌కి వెళ్తుంది.

బిల్లు కట్టేసినవాళ్ళకి దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. దానికి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ కావాలి, ఎమ్మెల్యే ఆఫీసులోనైనా ఎంపీ ఆఫీసులోనైనా ఇవ్వొచ్చు. ఒకే బిల్లులతో రెండు చోట్లా పెట్టకండి, రెండూ ఆగిపోతాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ సమస్యలు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు, ఇటు కోనసీమ, కడప, అన్నమయ్య జిల్లాల్లో ఈ బాధ తెలియని ఊరు లేదు. జీతం ఇవ్వట్లేదు, పాస్‌పోర్ట్ లాక్కున్నారు, జైల్లో పెట్టారు, మనిషి చనిపోయాడు, బాడీ రాలేదు. ఇలాంటి కేసుల్లో ఎంపీ ఆఫీసు ఈమెయిల్ ఎంబసీకీ విదేశాంగ శాఖకీ వెళ్తే నిజంగా తేడా వస్తుంది, అందుకే ఇక్కడ ఆలస్యం చేయొద్దు.

ముందు విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో కేసు రిజిస్టర్ చేయండి, 2015 నుంచి ఉంది, ఇంటి దగ్గరున్న వాళ్ళు కూడా వేయొచ్చు. ఆ నంబర్‌తో పాటు పాస్‌పోర్ట్ కాపీ, వీసా లేదా అక్కడి ఐడీ కార్డు కాపీ, కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న స్పాన్సర్) పేరు ఫోన్ నంబర్, కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడుందో, చివరిసారి మాట్లాడిన తేదీ, అక్కడే ఉన్న తోటి పనివాళ్ళ ఫోన్ నంబర్ ఒకటి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఎంపీ ఆఫీసుకి ఇవ్వండి. పాస్‌పోర్ట్ కాపీ ఇంట్లో లేక రోజులు గడిచిపోయే కేసులు చాలా ఉంటాయి, కాబట్టి మీ ఇంట్లోంచి ఎవరన్నా బయటికి వెళ్తుంటే ఈరోజే వాళ్ళ పాస్‌పోర్ట్, వీసా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

మనిషి చనిపోతే కుటుంబం ఒప్పుకోలు పత్రం, అక్కడి డెత్ సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్స్, ఎంబసీ ఎన్ఓసీ ఇవన్నీ కావాలి, అందుకే ఆలస్యం అవుద్ది. కంపెనీ ఖర్చు పెట్టకపోతే ఎంబసీ దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఉంటుంది, పేద కుటుంబాల వాళ్ళ బాడీ పంపడానికి వాడొచ్చు, ఎంపీ లెటర్‌లో ఈ నిధి పేరు రాయించండి. ఇంకోటి, ఈసీఆర్ (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి) పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్ళినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండి తీరాలి, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. రెండేళ్ళకి 275 రూపాయల ప్రీమియం, వెళ్ళేటప్పుడు ఏజెంటు కట్టించి ఉంటాడు, కానీ ఇంట్లో వాళ్ళకి ఆ పాలసీ ఉన్నట్టే తెలియదు. ఆ కాగితం వెతకండి, దొరక్కపోతే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో వివరాలు కనుక్కోమని ఎంపీ ఆఫీసుని అడగండి. విజిట్ వీసా మీద పంపిన వాళ్ళకి ఇవేవీ ఉండవు, అందుకే విజిట్ వీసా మీద పనికి వెళ్ళొద్దని ఊళ్ళో ప్రతి పిల్లాడికీ చెప్పాలి.

రైలు టికెట్టు, దర్శనం

వెయిటింగ్ లిస్టు టికెట్ ఉంటేనే ఎమర్జెన్సీ కోటా అడగొచ్చు, టికెట్ లేకుండా లెటర్ పనిచేయదు. 2025 జులై నుంచి టైము మారింది. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం 2 లోపు బయల్దేరే రైలుకి ముందు రోజు మధ్యాహ్నం 12 కల్లా, 2 తర్వాత బయల్దేరే రైలుకి ముందు రోజు సాయంత్రం 4 కల్లా లెటర్ రైల్వే వాళ్ళకి చేరాలి. అంటే మీరు ఇంకా ముందు ఇవ్వాలి. హాస్పిటల్, ఇంటర్వ్యూ, పరీక్ష లాంటి కారణాలకే అడగండి, ఉన్న బెర్తులు కొన్నే, పెళ్ళికి వెళ్ళేవాళ్ళు అడిగి క్యాన్సర్ పేషెంటుకి రాకుండా చేయడం న్యాయం కాదు.

తిరుమల లెటర్లకి అన్ని ఎంపీ ఆఫీసుల్లోనూ క్యూ ఉంటుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి లాంటి రోజుల్లో సిఫార్సు లెటర్లు తీసుకోరు, మిగతా రోజుల రూల్స్ కూడా మారుతుంటాయి, ఆఫీసులో అడిగి వెళ్ళండి. నా అభిప్రాయం చెప్పాలంటే ఈ లెటర్ల రద్దీ వల్లే అసలు కష్టంలో ఉన్నవాళ్ళకి పీఏ టైము దొరకట్లేదు.

ఊరికి నిధులు అడగడం

ఊళ్ళల్లో పనులకి ఎంపీ సిఫార్సు చేసే నిధులనే ఎంపీ ల్యాడ్స్ అంటారు. ఈ పథకం 1993 డిసెంబర్‌లో మన పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు మొదలైంది, అప్పుడాయన నంద్యాల ఎంపీ కూడా. ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్దగా ఉంటుంది కానీ 7 అసెంబ్లీలకి పంచితే ఒక్కోదానికి 71 లక్షలు, అందులో మళ్ళీ నాలుగైదు మండలాలు, వాటి కింద ఎన్నో ఊళ్ళు. కాబట్టి 50 లక్షల ఫంక్షన్ హాలు అడిగితే పక్కన పెట్టేస్తారు, 5 లక్షల బోరు, స్కూల్లో అదనపు గది, బస్ షెల్టర్, మంచినీళ్ళ ప్లాంటు అడిగితే కుదిరే అవకాశం ఎక్కువ. మొత్తంలో 15 శాతం ఎస్సీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకి, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకి సిఫార్సు చేయాలి, అంటే ఏడాదికి 75 లక్షలు, 37.5 లక్షలు. ఎస్సీ కాలనీ, తండా, గూడెం వాళ్ళు అర్జీలో ఈ మాట రాసి మరీ అడగండి, అది మీకు రావాల్సిన భాగం.

గుడి, మసీదు, చర్చి లోపల పనులకి ఈ డబ్బు వాడకూడదు, స్థలం కొనడానికి వాడకూడదు, బతికున్నా చనిపోయినా ఎవరి పేరూ పెట్టకూడదు, ఆల్రెడీ కట్టేసిన దానికి బిల్లు ఇవ్వరు. అర్జీతో పంచాయతీ తీర్మానం, స్థలం గవర్నమెంట్‌దో పంచాయతీదో చూపించే కాగితం, పంచాయతీరాజ్ ఏఈ వేసిన ఎస్టిమేట్ పెట్టండి. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, శాంక్షన్ చేసేది కలెక్టర్, ఫైలు నడిచేది కలెక్టరేట్‌లోని చీఫ్ ప్లానింగ్ ఆఫీసర్ దగ్గర, సీపీవో అంటారు. ఎంపీ ఆఫీసులో "పంపించేశాం" అన్నాక మీరు వెళ్ళాల్సింది సీపీవో ఆఫీసుకే, చాలామంది ఇది తెలియక ఎంపీ ఆఫీసు చుట్టూనే తిరుగుతుంటారు. 2023 నుంచి సిఫార్సులు, పేమెంట్లు ఈ-సాక్షి అనే పోర్టల్‌లో నడుస్తున్నాయి కాబట్టి సిఫార్సు ఎక్కిందా లేదా అక్కడ తెలుస్తుంది. ఎలక్షన్ కోడ్ ఉన్నప్పుడు కొత్త పనులు మొదలవ్వవు.

మీ లోక్‌సభ ఎంపీ నిధులు అయిపోతే రాజ్యసభ సభ్యులున్నారు, ఆంధ్రాకి 11 మంది, తెలంగాణకి 7, వాళ్ళు రాష్ట్రంలో ఎక్కడికైనా ఇవ్వొచ్చు. వాళ్ళని అడిగేవాళ్ళు తక్కువ, ప్రయత్నించండి.

వికలాంగులకి ట్రైసైకిళ్ళు, కృత్రిమ కాళ్ళు, వినికిడి మిషన్లు అలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ క్యాంపుల్లో ఇస్తారు, 40 శాతం వైకల్యం సదరం సర్టిఫికెట్ ఉండాలి. ఈ క్యాంపు ఎప్పుడో ఎంపీ ఆఫీసుకి ముందే తెలుస్తుంది, పేరు రాయించి ఉంచండి. బ్యాటరీ ట్రైసైకిల్‌కి సబ్సిడీ పోగా తక్కువ పడే డబ్బు ఎంపీ ల్యాడ్స్ నుంచి కలపొచ్చు.

లెటర్ వెళ్ళాక వెంటపడటం

ఎంపీ రాసిన లెటర్‌కి సెంట్రల్ శాఖలు 15 రోజుల్లో అందినట్టు చెప్పాలి, ఇంకో 15 రోజుల్లో జవాబివ్వాలి, ఇది కేంద్ర ప్రభుత్వం తన ఆఫీసులకి పెట్టుకున్న నియమం. కాబట్టి రెండు వారాలయ్యాక ఇన్‌వర్డ్ నంబర్ చెప్పి "అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చిందా అండి" అని ఫోన్ చేయండి, నెల అయ్యాక "రిప్లై వచ్చిందా, కాపీ ఇస్తారా" అని వెళ్ళండి. రాకపోతే రిమైండర్ లెటర్ రాయమని అడగండి. ఇది విసిగించడం కాదు, ఆఫీసుకి రోజూ వచ్చే అర్జీల్లో మీది గుర్తు చేయాల్సింది మీరే. జవాబు "కుదరదు" అని వచ్చినా ఆ కాగితం తీసుకోండి, ఎందుకు కుదరదన్నారో అందులో ఉంటుంది, తర్వాత అడుగు దాన్ని బట్టే.

ఊరి సమస్య అయితే దిశ కమిటీ గురించి తెలుసుకోవాలి. జిల్లాలో కేంద్ర పథకాలన్నీ ఎలా నడుస్తున్నాయో చూసే కమిటీ, 2016లో పెట్టారు, లోక్‌సభ ఎంపీ చైర్మన్, కలెక్టర్ మెంబర్ సెక్రటరీ, మూడు నెలలకోసారి జరగాలి. ఉపాధి హామీ, గ్రామ సడక్ రోడ్లు, ఇళ్ళు, ఇంటింటి నల్లా అన్నీ అక్కడ చర్చకి వస్తాయి, ఆఫీసర్లందరూ ఒకే గదిలో ఉంటారు, మినిట్స్ రాస్తారు. "నెక్స్ట్ దిశ మీటింగు ఎప్పుడు, మా రోడ్డు సంగతి అందులో పెట్టగలరా" అని మీరు పీఏని అడిగితే ఈ మనిషికి విషయం తెలుసని అర్థమవుతుంది. మీటింగు అసలు జరగకపోతే ఎందుకు జరగలేదో కూడా అడగండి, అడిగేవాళ్ళు లేకే వాయిదాలు పడుతుంటాయి. మీటింగు తర్వాత ఏం తేలిందో, పార్లమెంటులో మన నియోజకవర్గం మీద వేసిన ప్రశ్నకి మంత్రి ఏం చెప్పారో వాట్సాప్ గ్రూపులో పెట్టమనండి, పుట్టినరోజు ఫోటోల కన్నా జనానికి ఇదే అవసరం. ప్రశ్నలూ జవాబులూ సన్సద్ డాట్ ఇన్‌లో మీరే పేరు కొట్టి వెతుక్కోవచ్చు కూడా.

లెటర్లతో కదలని పెద్ద సమస్యలకి పార్లమెంటే దారి. స్టేషన్‌లో రైలు ఆగడం, హైవే అండర్‌పాస్, కొత్త కేంద్రీయ విద్యాలయం లాంటివి ఎంపీ ప్రశ్నగా అడగొచ్చు, లోక్‌సభలో రోజుకి 20 ప్రశ్నలకి మంత్రి నోటితో, 230కి రాతలో జవాబిస్తారు, రాతలో వచ్చిన జవాబు కూడా రికార్డే, మీరు దాన్ని పట్టుకుని ఏ ఆఫీసులోనైనా మాట్లాడొచ్చు. ప్రశ్నకి 15 రోజుల ముందు నోటీసివ్వాలి. అది కుదరకపోతే 377 నిబంధన కింద 250 పదాల్లోపు విషయం సభ ముందు పెట్టొచ్చు, దానికి సంబంధిత శాఖ తర్వాత ఎంపీకి రాసి జవాబిస్తుంది. బడ్జెట్ సమావేశాలు జనవరి ఆఖర్లో, వర్షాకాలపువి సాధారణంగా జులైలో, శీతాకాలపువి నవంబర్ ఆఖర్లోనో డిసెంబర్‌లోనో మొదలవుతాయి. అంటే మీ ఊరి విషయం జులై సమావేశాల్లో రావాలంటే జూన్ మొదటి వారానికల్లా ఫోటోలు, పాత లెటర్లు, వచ్చిన జవాబులు అన్నీ ఒక ఫైలులో పెట్టి, పైన అర పేజీలో విషయం రాసి ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి.